ఇంగ్లండ్ పక్కింటమ్మాయి ఇండియా రైళ్లలో పెరిగింది: ఫెలిసిటీ కెండల్ సంగతి

ఇంగ్లండ్‌లో 1970ల్లో టీవీ చూసిన వాళ్లని ఫెలిసిటీ కెండల్ ఎవరని అడిగితే చాలామంది నవ్వుతూ "బార్బరా" అంటారు. డంగరీలు తొడుక్కుని, రబ్బరు బూట్లనిండా బురదతో, పెరట్లో మేకతో కుస్తీ పట్టే బార్బరా గుడ్, 'ద గుడ్ లైఫ్' అనే బ్రిటిష్ సిట్‌కామ్‌లో (అంటే ఎపిసోడ్లుగా వచ్చే హాస్య సీరియల్‌లో) ఈ నటి వేసిన పాత్ర. అదే ప్రశ్న మన దగ్గర పాత హిందీ సినిమాల పిచ్చి ఉన్నవాళ్లని అడిగితే "శశి కపూర్ మరదలు కదా" అంటారు, కొందరైతే ఏకంగా శశి కపూర్ భార్యని చేసేస్తారు (నేనూ చాలాకాలం అదే అనుకున్నాను, అక్క జెన్నిఫర్‌కీ ఈమెకీ తేడా తెలిసేసరికి డిగ్రీ కూడా అయిపోయింది). ఇక లండన్ నాటకాల సంగతి తెలిసినవాళ్లు "టామ్ స్టాపార్డ్ నాటకాల్లో వేసేది ఆవిడే" అంటారు (స్టాపార్డ్ పేరున్న బ్రిటిష్ నాటక రచయిత).

వినడానికి ముగ్గురు వేర్వేరు మనుషుల్లా ఉంటుంది. పైగా ఆవిడ గురించి ఎక్కడ చదివినా ఈ మూడింట్లో ఒకటే పట్టుకుని మిగతా రెండూ ఓ లైనులో ముగించేస్తారు. నాకు మాత్రం మూడూ ఒకే దారానికి ఉన్న ముళ్లలాగా కనిపిస్తాయి. ఇండియాలో ఊరూరా తిరిగిన నాటకాల బతుకు లేకపోతే ఆ సిట్‌కామ్ నటన లేదు, బ్రిటన్‌లో సిట్‌కామ్‌లు తీసే పద్ధతి వేరేలా ఉండి ఉంటే తర్వాతి రంగస్థల జీవితం లేదు. వరసగా విప్పుకుంటూ వద్దాం.

తండ్రి దగ్గర మొదలుపెట్టాలి. జెఫ్రీ అసలు ఇంటిపేరు బ్రాగ్. ఉత్తర ఇంగ్లండ్‌లో కెండల్ అనే ఊళ్లో పుట్టాడు, నటుడయ్యాక ఆ ఊరిపేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లే కాబట్టి మనకిదేం వింత కాదు, కాకపోతే మనవాళ్లకి ఏ ముత్తాతల నాడో జరిగింది ఆయన తనకి తానే చేసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల వినోదం కోసం పెట్టిన ఎన్సా అనే సంస్థ తరఫున, భార్య లారా లిడెల్‌తో కలిసి నాటకాలు వెయ్యడానికి ఇండియా వచ్చి ఈ దేశం మీద మనసు పారేసుకున్నాడు. 1947-48లో, అంటే సరిగ్గా స్వాతంత్ర్యం వచ్చి దేశం రెండు ముక్కలైన రోజుల్లో, షేక్‌స్పియరానా అనే సొంత కంపెనీతో ఇక్కడ తిరిగాడు. 1953లో మళ్లీ వచ్చి ఈసారి ఏళ్ల తరబడి ఉండిపోయాడు. దొరలంతా పెట్టెలు సర్దుకుని ఓడలెక్కేశాక పెట్టెలు మోసుకుంటూ ఎదురొచ్చిన కుటుంబం ఇది.

ఫెలిసిటీ 1946 సెప్టెంబరు 25న బర్మింగ్‌హామ్ దగ్గర ఓల్టన్‌లో పుట్టింది. తొమ్మిది నెలలకే స్టేజీ ఎక్కింది, ఎక్కించారు అనాలి. 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకంలో వనదేవతల రాజూ రాణీ ఒక పసివాడి కోసం పోట్లాడుకుంటారు, ఆ పసివాడి వేషం. ఆ పిల్లాడు ఎవరంటే, భారతదేశపు రాజు ఒకాయన దగ్గర్నుంచి ఎత్తుకొచ్చిన బిడ్డ అని షేక్‌స్పియరే రాశాడు. అంటే ఇంగ్లిష్ పిల్ల వేసిన మొట్టమొదటి వేషం ఇండియన్ పిల్లాడిది! కథకుడెవరైనా ఇలా కల్పిస్తే మరీ అతిగా ఉందంటాం.

ఏడేళ్ల వయసు నుంచి ఆమె బాల్యమంతా ఇక్కడే. సురభి కుటుంబాల గురించి తెలిసిన తెలుగువాళ్లకి ఈ బతుకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఉయ్యాల్లోంచి నేరుగా స్టేజీ మీదకి, సామానంతా ట్రంకు పెట్టెల్లో, రాజు వేషం వేసినాయనే పొద్దున్నే టిక్కెట్ల లెక్క చూసుకోవడం. షేక్‌స్పియరానా కూడా అంతే. ఒకరోజు కాన్వెంట్ స్కూలు హాల్లో, ఇంకోరోజు మహారాజా ప్యాలెస్‌లో, మధ్యలో రోజులకొద్దీ రైలు. ఫెలిసిటీ చదువు కూడా కంపెనీ ఎక్కడ ఆగితే అక్కడి కాన్వెంట్‌లో, ముక్కలు ముక్కలుగా. యాక్టింగ్ స్కూల్ మొహం చూడలేదు. తెర వెనక బట్టలందించే పని నుంచి మొదలై పెద్దవుతున్నకొద్దీ వేషాలు పెరిగాయి. భాష సగం అర్థమయ్యీ కానీ స్కూలు పిల్లల ముందు, వానొచ్చినా కరెంటు పోయినా, కూర్చున్నవాళ్లని లేవకుండా పట్టి ఉంచడం అక్కడే అబ్బింది. ఈ మాట గుర్తుంచుకోండి, టీవీ దగ్గర మళ్లీ దీని అవసరం పడుతుంది.

ఈలోపు ఇంట్లో ఇంకో కథ నడిచింది. అక్క జెన్నిఫర్ ఈమె కంటే పన్నెండేళ్లకు పైగా పెద్ద, కంపెనీకి హీరోయిన్. తండ్రి పృథ్వీరాజ్ కపూర్ నడిపే నాటక కంపెనీ పృథ్వీ థియేటర్స్‌లో ఉన్న కుర్రాడు శశి కపూర్ కలకత్తాలో ఆమెని చూశాడు, తర్వాత కంపెనీలోనే చేరిపోయాడు, 1958లో పెళ్లి. తండ్రి జెఫ్రీకి ఈ పెళ్లి రుచించలేదు. కూతురు వెళ్లిపోతోందన్న బాధ ఎంతో, కంపెనీకి హీరోయిన్ పోతోందన్న బాధ కూడా అంతేనేమో. అక్క ఖాళీ చేసిన వేషాలు చెల్లెలికి దక్కాయి.

సరిగ్గా ఇక్కడే నిర్మాత ఇస్మాయిల్ మర్చంట్, దర్శకుడు జేమ్స్ ఐవరీ వచ్చారు. 1965లో వచ్చిన 'షేక్‌స్పియర్ వాలా' సినిమాకి స్క్రీన్‌ప్లే రూత్ ప్రవర్ ఝబ్వాలా, సంగీతం సత్యజిత్ రాయ్, కెమెరా సుబ్రతా మిత్రా. ఇండియాలో తిరిగే ఇంగ్లిష్ నాటక కంపెనీ జనం లేక కుదేలవుతుంటుంది, ఆ జనమంతా హిందీ సినిమాకి పోతుంటారు. కంపెనీ యజమానుల కూతురు లిజ్జీగా ఫెలిసిటీ, ఆమె తల్లిదండ్రులుగా సొంత తల్లిదండ్రులే, ఆమె ప్రేమించే సంజుగా శశి కపూర్. అంటే సొంత బావ. తెలుగులో బావామరదళ్ల సరసం మనకి కొత్త కాదు గానీ, అక్క జెన్నిఫర్ కూడా అదే సినిమాలో చిన్న వేషంలో కనిపిస్తుంది, అది తలుచుకుంటే నవ్వొస్తుంది. అవార్డు మాత్రం సినిమా తార వేషం వేసిన మధుర్ జాఫ్రీకి వెళ్లింది, బెర్లిన్‌లో ఉత్తమ నటి.

చాలామంది తికమకపడేది ఈ సినిమా దగ్గరే. ఇది కెండల్ కుటుంబ చరిత్ర అనుకుంటారు. కాదు. సినిమాలో ఇంగ్లిష్ అమ్మాయి హిందూస్తానీ ప్రియుణ్ణి వదిలి ఇంగ్లండ్ ఓడెక్కుతుంది. నిజ జీవితంలో ప్రేమించిన అక్క ఇక్కడే ఉండిపోయింది, 1978లో భర్తతో కలిసి బొంబాయి జుహూలో పృథ్వీ థియేటర్ కట్టించింది, 1981లో '36 చౌరంగీ లేన్'లో కలకత్తాలో మిగిలిపోయిన ఒంటరి ఆంగ్లో ఇండియన్ టీచరుగా నటించి ఏడిపించింది. ఓడెక్కింది చెల్లెలు. అక్కాచెల్లెళ్ల రెండు జీవితాలనీ కలిపేసి ఒకే పాత్ర అల్లారు, మనం ఇప్పటికీ ఆ అల్లికలోనే చిక్కుకుంటున్నాం.

పదిహేడేళ్లప్పుడు కలకత్తాలో టైఫాయిడ్ వచ్చి తిప్పలుపడి, తేరుకుని, సినిమా పూర్తి చేసి, 1965లో లండన్ చేరింది. సినిమా పేరు తెచ్చుకున్నా ఆమెకేమీ ఎర్రతివాచీలు పరవలేదు. ఇంగ్లండ్‌లో నటులు ఫలానా డ్రామా స్కూల్లో చదివాననో, ఫలానా ఊరి రిపర్టరీ కంపెనీలో (ఒకే ఊళ్లో వరసగా నాటకాలు మార్చి మార్చి వేసే కంపెనీలో) చేశాననో చెప్పుకుంటారు. ఈమె చెప్పుకోడానికి ఉన్నవి మీరు ఎప్పుడూ వినని ఊళ్లలో, మీరు ఎప్పుడూ చూడని హాళ్లలో వేసిన నాటకాలు. అయినా 1966లో బీబీసీ టీవీ నాటకం ఒకదాంట్లో జాన్ గీల్‌గుడ్ లాంటి మహానటుడి పక్కన అవకాశం వచ్చింది, 1967లో లండన్ స్టేజీ ఎక్కింది. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు చిన్నా పెద్దా వేషాలతో నెట్టుకొచ్చింది. 1968లో నటుడు డ్రూ హెన్లీతో పెళ్లి, ఒక కొడుకు, తర్వాత విడాకులు.

మలుపు 1974లో. అలన్ ఏక్‌బోర్న్ 'ద నార్మన్ కాంక్వెస్ట్స్' అని మూడు నాటకాలు రాశాడు, అవే ఆరుగురు మనుషులు, అదే ఒక్క వారాంతం, కాకపోతే ఒక నాటకం భోజనాల గదిలో, ఒకటి ముందు గదిలో, ఒకటి తోటలో. ఒక నాటకంలో తలుపు తీసుకుని బయటికి పోయిన మనిషి ఇంకో నాటకంలో అదే క్షణాన తోటలోకి వస్తాడు. అందులో యానీగా ఫెలిసిటీ, ఆమె వదినగా పెనెలొపీ కీత్. బీబీసీ వాళ్లు ఒక కొత్త సిట్‌కామ్‌కి మనుషుల్ని వెతుకుతూ ఈ వదినా ఆడపడుచుల్ని స్టేజీ మీద చూశారు. ఇద్దర్నీ తీసుకెళ్లి ఇరుగుపొరుగుల్ని చేశారు.

ఆ సిట్‌కామే 'ద గుడ్ లైఫ్'. 1975 ఏప్రిల్ 4న బీబీసీ వన్‌లో మొదలైంది, రాసింది జాన్ ఎస్మండ్, బాబ్ లార్బీ. బార్బరా భర్త టామ్ గుడ్ నలభయ్యో పుట్టినరోజున తన ఉద్యోగం ఏంటా అని ఆలోచించుకుంటాడు. పిల్లలు తినే సీరియల్ డబ్బాల్లో ఉచితంగా పడేసే ప్లాస్టిక్ బొమ్మలకి డిజైన్ గీయడం. ఛీ అనిపించి మానేస్తాడు. కానీ ఊరొదిలి పల్లెకి పోడు. లండన్ పక్కన సర్బిటన్ అనే పద్ధతైన మధ్యతరగతి కాలనీలో, ఉన్న ఇంట్లోనే, పచ్చిక దున్నేసి ఆలుగడ్డలు వేసి, పందుల్నీ కోళ్లనీ జెరాల్డిన్ అనే మేకనీ పెంచుతాడు. కోడిపుంజు పేరు లెనిన్. పక్కింట్లో ఉండేది అదే ఆఫీసులో పైకొచ్చిన జెర్రీ, పరువు కోసం ప్రాణమిచ్చే ఆయన భార్య మార్గో. గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీలో విల్లాల మధ్య ఒకాయన ఉద్యోగం మానేసి పందులు పెంచితే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఏం జరుగుతుందో ఊహించుకోండి, ఆ సీరియల్ మీకు సగం అర్థమైపోయినట్టే.

కాలం కూడా కలిసొచ్చింది. 1973 చమురు సంక్షోభం, 1974 మొదట్లో కరెంటు మిగల్చడానికి ఫ్యాక్టరీలకి వారానికి మూడే పనిదినాలు, 1975లో ధరల పెరుగుదల 24 శాతం. సొంత కూరగాయలు పండించుకుని ఎవరికీ అప్పులేకుండా బతకాలన్న కోరిక అప్పుడు హాస్యం కాదు, చాలామందికి రాత్రి నిద్రపట్టని వేళల్లో వచ్చే ఆలోచన. దాన్ని హాస్యం చేసి చూపించారు.

ఇక్కడ కాసేపు ఆగి సిట్‌కామ్ ఎలా తీసేవాళ్లో చెప్పాలి, ఇది తెలియకపోతే ఫెలిసిటీ కెరీర్ అర్థం కాదు. బ్రిటన్‌లో సిట్‌కామ్ అంటే ఒక విడతకి ఆరో ఏడో ఎపిసోడ్లు, అంతే. రాసేది ఒకరో ఇద్దరో, అమెరికాలోలాగా గదినిండా రచయితలు ఉండరు. ఆ ఒకరిద్దరూ అంతకంటే ఎక్కువ రాయలేరు కూడా. బీబీసీకి ప్రకటనల్లేవు, జనం కట్టే టీవీ లైసెన్సు ఫీజుతో నడుస్తుంది, కాబట్టి ఏడాది పొడుగునా సాగదీయాలన్న ఒత్తిడి లేదు. నటులు వారమంతా రిహార్సల్ చేసేవాళ్లు, వారం చివర ఒక సాయంత్రం స్టూడియోలో నిజమైన ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి ఎపిసోడ్ మొత్తం ఆడేవాళ్లు. పెరటి సీన్ల లాంటివి ముందే బయట ఫిల్ము మీద తీసేవాళ్లు (సర్బిటన్ పేరే గానీ సర్బిటన్‌లో కాదు, లండన్‌కి అటువైపున్న నార్త్‌వుడ్‌లో). ఆ వెనకాల వినిపించే నవ్వులు డబ్బాలోవి అనుకుంటాం గానీ అసలు నవ్వులే.

అంటే ఇది సగం నాటకం, సగం టీవీ. ఎదురుగా మూడొందల మంది నవ్వుతుంటే ఆ నవ్వు తగ్గేదాకా ఆగి డైలాగ్ అందుకోవాలి, అదే సమయంలో అడుగు దూరంలో ఉన్న కెమెరాకి అతి కనిపించకూడదు. సినిమా నుంచి వచ్చినవాళ్లు మొదటి దాంట్లో తడబడతారు, నాటకాల నుంచి వచ్చినవాళ్లు రెండో దాంట్లో. కాన్వెంట్ పిల్లల ముందు షేక్‌స్పియర్ నిలబెట్టి, సత్యజిత్ రాయ్ కెమెరామన్ ముందు మెత్తగా మాట్లాడి వచ్చిన అమ్మాయికి రెండూ ముందే వచ్చు. ఆ కాస్త బొంగురు గొంతు సరేసరి.

ఇంకోటి ఉంది, ఇది పూర్తిగా నా అభిప్రాయం. ఇంగ్లండ్‌లో మనిషి నోరు తెరవగానే ఏ వర్గమో, ఏ స్కూలో పట్టేస్తారు. మార్గో పాత్ర నవ్వు పుట్టించేదే అందువల్ల, ఆమె ప్రతి మాటా ఒక మెట్టు పైనుంచి వస్తుంది. బార్బరాకి అలాంటి మెట్టు ఏదీ లేదు. రైళ్లలో పెరిగిన పిల్లకి ఏ కాలనీ వాసనా అంటలేదు, అందుకే ప్రతి కాలనీ వాళ్లూ మా పక్కింటమ్మాయే అనుకున్నారు. ఇంగ్లండ్ మొత్తం తన సొంతం అనుకున్న అమ్మాయి ఇంగ్లండ్‌లో పెరగలేదు.

బార్బరా పాత్ర మీద ఒక విమర్శ ఉంది, న్యాయమైనదే. కల టామ్‌ది, చాకిరీ ఇద్దరిదీ, కొత్త బట్టలు లేకుండా పోయింది మాత్రం బార్బరాకి. రచయితలకి ఈ సంగతి తెలుసు. 1977లో వచ్చిన నాలుగో విడత ఆఖరి ఎపిసోడ్‌లో ఇంట్లో దొంగలు పడి అంతా ధ్వంసం చేసి ఉంటారు, గోడలనిండా రంగు చల్లి, సామాను విరగ్గొట్టి. అప్పటిదాకా ప్రతి కష్టానికీ నవ్విన బార్బరా అక్కడ కూలబడిపోతుంది. నవ్వించే అరగంట కార్యక్రమంలో, స్టూడియో జనం ముందు, ఆ ఏడుపు ఏడవాలంటే గుండె ధైర్యం కావాలి. ఫెలిసిటీ మంచి నటి అని ఎవరైనా సందేహిస్తే ఆ ఒక్క ఎపిసోడ్ చూపిస్తే చాలు. తర్వాత క్రిస్మస్‌కి ఒకటి, 1978 జూన్‌లో ఎలిజబెత్ రాణి సమక్షంలో ఒకటి తీసి ఆపేశారు. మొత్తం ముప్పై ఎపిసోడ్లు. మన 'అమృతం' మూడొందలు దాటింది, అది గుర్తొస్తే ఈ ముప్పై ఎంత తక్కువో తెలుస్తుంది.

ఆపేశాక నలుగురి దారులూ చూడండి. మార్గో వేసిన పెనెలొపీ కీత్‌కి వెంటనే 'టు ద మేనర్ బార్న్', జెర్రీ వేసిన పాల్ ఎడింగ్టన్‌కి 1980లో 'యెస్ మినిస్టర్'. టామ్ వేసిన రిచర్డ్ బ్రయర్స్ ముందు నుంచే స్టార్, అసలు మొదట్లో సీరియల్ మొత్తం ఆయన పేరు మీదే మొదలైంది. ఫెలిసిటీకి మాత్రం బార్బరా అంటుకుపోయింది. 1981లో దేశంలోకెల్లా అందమైన వెనకభాగం అని 'రియర్ ఆఫ్ ద ఇయర్' బిరుదిచ్చారు, ఆ కాలపు బ్రిటిష్ పత్రికలు ఒక మంచి నటిని ఎలా చూశాయో చెప్పడానికి ఇంకేం అక్కర్లేదు. 1984లో కొత్తతరం కమెడియన్ల 'ద యంగ్ వన్స్'లో ఒక పాత్ర 'ద గుడ్ లైఫ్' టైటిల్స్‌ని చింపేసి, ఇంత తియ్యదనం నాకు పడదని ఫెలిసిటీ పేరు పెట్టి మరీ అరుస్తాడు. ఒక తరానికి ముద్దొచ్చింది తర్వాతి తరానికి ఒళ్లుమంట. అయినా తిట్టడానికి కూడా ఆమె పేరే ఎంచుకున్నారంటే ఎంత పాతుకుపోయిందో చూడండి.

ఆ ముద్ర చెరుపుకోడానికి ఆమె ఎంచుకున్న దారి నాకు నచ్చుతుంది. కార్లా లేన్ అని లివర్‌పూల్ రచయిత్రి, మగవాళ్లే రాసే సిట్‌కామ్ లోకంలో ఆడవాళ్ల అసంతృప్తిని నవ్వులో పెట్టి రాసిన మనిషి. ఆమె రాసిన 'సోలో' 1981లో వచ్చింది. మోసం చేసిన ప్రియుణ్ణి గెంటేసి, ఉద్యోగం వదిలి, ఒంటరిగా ఉండటం నేర్చుకునే జెమ్మా వేషం. తర్వాత 1985లో అదే రచయిత్రి 'ద మిస్ట్రెస్', పెళ్లైన మగవాడితో సంబంధంలో ఉన్న పూల కొట్టు యజమాని. మన బార్బరా ఇలాంటి పనులు చెయ్యడమేంటని కొంతమంది ప్రేక్షకులు నొచ్చుకున్నారు. పాత్రకీ మనిషికీ తేడా మర్చిపోవడం మనకే ఉన్న జబ్బు కాదన్నమాట. రెండూ రెండేసి విడతలు నడిచాయి, మరీ గొప్పగా నవ్వించాయని నేను అనను, కాకపోతే తియ్యటి బార్బరా మీద కాస్త చేదు పూశాయి. 1994లో 'హనీ ఫర్ టీ' అని అమెరికన్ వితంతువుగా ఒకటి చేసింది, ఏడు ఎపిసోడ్లకే మూతపడింది.

ఇప్పుడు లెక్కేయండి. నాలుగు సిట్‌కామ్‌లు కలిపినా అరవై పైచిలుకు ఎపిసోడ్లు, ముప్పై గంటల పైచిలుకు. 'సిట్‌కామ్ నటి' అనే పేరు ఆమెకి నిలబడింది ఈ కాస్త సమయం మీద. విడతకి ఆరేడు ఎపిసోడ్లే అన్న ఆ బ్రిటిష్ పద్ధతి వల్ల ఏడాదిలో మిగతా నెలలు ఖాళీ. ఆ ఖాళీలో ఆవిడ చేసింది చూస్తే తల తిరుగుతుంది. 1979లో నేషనల్ థియేటర్‌లో 'అమేడియస్' మొదటి ప్రదర్శనలో సంగీతకారుడు మొజార్ట్ భార్య కాన్‌స్టాంజా, ఎదురుగా మొజార్ట్ ప్రత్యర్థి సాలియేరీగా పాల్ స్కోఫీల్డ్. 1982 నుంచి టామ్ స్టాపార్డ్ 'ద రియల్ థింగ్', 'జంపర్స్', 'హ్యాప్‌గుడ్', 1993లో 'ఆర్కేడియా'.

అందరికీ ఇలా కలిసిరాలేదు. అదే రోజుల్లో 'జార్జ్ అండ్ మిల్డ్రెడ్' అనే సిట్‌కామ్‌తో దేశమంతా తెలిసిన యూతా జాయిస్ కూడా నాటక దర్శకురాలు జోన్ లిటిల్‌వుడ్ దగ్గర తయారైన గట్టి రంగస్థల నటే. మిల్డ్రెడ్ ముద్ర పడ్డాక వేరే వేషాలు దొరకడం కష్టమైంది, తాగుడు ఎక్కువైంది, 1980లో 53 ఏళ్లకే పోయింది. ఒకే కాలం, ఒకే పరిశ్రమ. ఫెలిసిటీకి తిరిగెళ్లడానికి స్టేజీ ఉంది, వయసు కూడా చిన్నది.

1984లో జెన్నిఫర్ క్యాన్సర్‌తో పోయింది. 1992లో తల్లి, 1998లో తండ్రి. అదే 1998లో ఫెలిసిటీ రాసిన ఆత్మకథ వచ్చింది, అందులో ఎక్కువ భాగం ఇండియా, నాన్న, కంపెనీ. సిట్‌కామ్ కబుర్ల కోసం కొనుక్కున్నవాళ్లు ఎంత తెల్లబోయి ఉంటారో.

స్టాపార్డ్ సంగతి చెప్పి ముగిస్తాను, అసలు ముడి అక్కడుంది. ఆయనా ఇండియా పిల్లాడే. చెకోస్లొవేకియాలో యూదు కుటుంబంలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని సింగపూర్ మీదుగా వచ్చి, డార్జిలింగ్‌లో చదువుకున్నాడు, అక్కడ వాళ్లమ్మ బాటా చెప్పుల కొట్టు చూసుకునేది. 1946లో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు, ఫెలిసిటీ పుట్టిన ఏడు. ఇద్దరూ తొంభైల్లో కొన్నేళ్లు కలిసి ఉన్నారు, పత్రికలు దాని గురించి చాలా రాశాయి, మనకి అక్కర్లేదు. (ఆమె రెండో భర్త దర్శకుడు మైకెల్ రడ్‌మన్, విడిపోయి మళ్లీ ఆయన దగ్గరికే చేరింది, ఆయన 2023లో పోయేదాకా కలిసే ఉన్నారు.) మనకి కావాల్సింది ఆ బంధంలోంచి వచ్చిన నాటకం. ముందు 1991లో రేడియోకి రాసి ఫెలిసిటీకి అంకితమిచ్చాడు, 1995లో 'ఇండియన్ ఇంక్' పేరుతో స్టేజీకి మార్చి ఆమె తల్లి లారా జ్ఞాపకానికి అంకితమిచ్చాడు. 1930లో ఒక ఇంగ్లిష్ కవయిత్రి ఫ్లోరా క్రూ ఇండియాలో ఒక సంస్థానానికి వస్తుంది, ఒక భారతీయ చిత్రకారుడు ఆమె బొమ్మ గీస్తాడు, ఆమె ఇక్కడే చనిపోతుంది. యాభై ఏళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో ముసలిదైన చెల్లెలు ఎలినార్ కూర్చుని అక్క ఉత్తరాల మీద వచ్చిన ప్రశ్నలకి జవాబులు చెప్తుంటుంది. రేడియోలోనూ స్టేజీ మీదా ఫ్లోరా ఫెలిసిటీయే.

తర్వాత కూడా టీవీ వదల్లేదు. 2003 నుంచి పామ్ ఫెరిస్‌తో 'రోజ్‌మెరీ అండ్ థైమ్', తోటపని చేసుకుంటూ హత్యలు ఛేదించే ఇద్దరు ఆడవాళ్లు, విమర్శకులు వెక్కిరించారు, జనం చూశారు, చేతులకి మళ్లీ మట్టి. 2008లో సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ'లో ఒక ఎపిసోడ్, అందులో కూడా ఆమె పాత్రకి పాత ప్రేమకథ ఒకటి ఢిల్లీలోనే! 2010లో టీవీ డాన్సు పోటీ 'స్ట్రిక్ట్‌లీ కమ్ డ్యాన్సింగ్'లో 64 ఏళ్లకి గెంతులేసింది.

2025 డిసెంబరులో లండన్ హాంప్‌స్టెడ్ థియేటర్‌లో 'ఇండియన్ ఇంక్' మళ్లీ వేశారు. మొదలవడానికి కొద్దిరోజుల ముందే, నవంబరు 29న, స్టాపార్డ్ పోయాడు. ఫ్లోరా వేషం ఈసారి వేరే అమ్మాయిది. 79 ఏళ్ల ఫెలిసిటీ కెండల్ వేసింది ఎలినార్ వేషం, ఇండియాలో ఉండిపోయిన అక్క గురించి ఇంగ్లండ్ తోటలో కూర్చుని చెప్పే చెల్లెలు.